నెమలి కన్నీళ్లు, కాకి కబురు

మూడో తరగతిలో నా తెలుగు వాచకంలో ఒక నెమలీక ఉండేది. రోజూ దానికి మేత వేసేవాణ్ణి: పెన్సిలు చెక్కిన పొట్టు, చిన్న తాటాకు ముక్క. ఎవరికీ చూపించకుండా దాచుకుంటే నెమలీక పిల్లలు పెడుతుందని పక్క బెంచీవాడు చెప్పాడు. వేసవి సెలవుల దాకా చూశాను. పెట్టలేదు. వాడికి కటీఫ్ చెప్పి ఆ సంగతి అంతటితో వదిలేశాను.

2017 మే 31న రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తి మహేశ్ చంద్ర శర్మ, తాను పదవీ విరమణ చేసే రోజున, ఆవును జాతీయ జంతువుగా ప్రకటించాలని సిఫారసు చేస్తూ ఒక తీర్పు ఇచ్చారు. ఆ తరువాత విలేకరులతో మాట్లాడుతూ నెమలి ఆజన్మ బ్రహ్మచారి అన్నారు. మగనెమలి ఆడనెమలితో కలవదట. దాని కన్నీళ్లు తాగి ఆడనెమలి గర్భం దాలుస్తుందట. అందుకే అది జాతీయ పక్షి అయిందట, కృష్ణుడు పింఛం ధరించాడట. దేశమంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు పూర్తిగా రాలేదు. ఆ మాట అంతకుముందే చాలాసార్లు విని ఉన్నాను: ఒకసారి ప్రవచనంలో, ఒకసారి రైల్లో, మిగతావన్నీ మా ఇంట్లో.

మా నాయనమ్మకు కోళ్లుండేవి. పొదగేసిన వారం రోజులకు గుడ్లను చీకటి గదిలోకి తెచ్చి ఒక్కొక్కటీ లాంతరు ముందు పెట్టి చూసేది. ఆమె వేళ్ల మధ్య గుడ్డు ఎర్రగా వెలిగేది. లోపల సన్నటి నరాలు అల్లుకుని కనిపిస్తే తిరిగి గంపలో పెట్టేది. ఖాళీగా ఉంటే "ఇది పుంజు తొక్కని గుడ్డురా" అని పక్కకు తీసేది. పుంజు తొక్కనిదే గుడ్డులో జీవం పడదని అంత ఖాయంగా తెలిసిన మనిషి, రాత్రి మంచం మీద పడుకుని నెమలి కన్నీటి కథ చెప్పేది. కోడీ, నెమలీ ఒకే కుటుంబం పక్షులు. నాయనమ్మ జీవశాస్త్రం దొడ్డిగోడ దాకా వచ్చి ఆగిపోయింది. గోడ అవతల ఉన్నది దేవుడి పక్షి.

ఆ దేవుడి పక్షి చేసేది ఇది. వానలు దగ్గరపడే వేళకు మగనెమలి తనకంటూ కొంత జాగా చూసుకుంటుంది. ఆడనెమలి అటు రాగానే పింఛం విప్పి, ముందు వీపు తిప్పి నిలబడుతుంది, బెట్టు చేస్తున్నట్టు. ఆమె దగ్గరికొచ్చాక ఇటు తిరిగి ఈకలన్నీ వణికిస్తుంది. ఎండుటాకుల మీద వాన పడ్డ చప్పుడు వస్తుంది. నచ్చకపోతే ఆమె గింజలు ఏరుకుంటూ వెళ్లిపోతుంది. చాలాసార్లు జరిగేది అదే. నచ్చితే నేలకు ఒదిగి కూర్చుంటుంది, మగది ఒక్క అరుపు అరిచి ఉరికి మీదికెక్కుతుంది. పక్షుల్లో చాలావాటికి పురుషాంగం ఉండదు. మలానికీ, గుడ్డుకీ, వీర్యానికీ ఒకటే ద్వారం. జంతుశాస్త్ర పుస్తకాల్లో దాన్ని అవస్కరం అంటారు. రెండు ద్వారాలూ ఆనుకుంటాయి, కొన్ని సెకన్లలో అయిపోతుంది. తరువాత గుడ్లు పెట్టడం, 28 రోజులు పొదగడం, పిల్లల్ని వెంటేసుకుని తిప్పడం, అంతా తల్లిపనే. మన బ్రహ్మచారి మళ్లీ పింఛం విప్పి తరువాత వచ్చే ఆమె కోసం నిలబడతాడు.

నాట్యం ఎంతోసేపు కనిపిస్తుంది, కలయిక రెప్పపాటులో ముగుస్తుంది. కంటపడనిచోట కథ పుట్టింది. అక్కడిదాకా తప్పు పట్టను. కానీ ఆ ఖాళీని నింపడానికి కన్నీళ్లే ఎందుకు కావలసి వచ్చాయి? దేవుడి తలమీద ఉండేదానికి మైథునం అంటకూడదన్న పట్టుదలే గదా!

ఈ తోక డార్విన్‌నీ తిప్పలు పెట్టింది. నెమలి ఈక చూసినప్పుడల్లా తనకు వికారం పుడుతోందని 1860 ఏప్రిల్‌లో ఏసా గ్రే అనే వృక్షశాస్త్రజ్ఞుడికి ఉత్తరం రాశాడు. బతకడానికి పనికొచ్చే లక్షణాలే నిలుస్తాయని చెప్పినవాడికి, పారిపోవడానికి అడ్డంపడే అంత పొడవు తోక మింగుడుపడలేదు. 1871లో 'డిసెంట్ ఆఫ్ మ్యాన్'లో తన జవాబు వివరంగా చెప్పాడు: ఆడవి ఎంచుకుంటాయి, ఎంపికైనవాటి సొగసు తరతరాలకూ పెరుగుతూ పోతుంది. దీన్నే లైంగిక వరణం అన్నాడు. ఆడపక్షికి అంత అభిరుచి ఎక్కడిదని ఆనాటి పెద్దలు ఒప్పుకోలేదు. ప్రకృతి వరణాన్ని డార్విన్‌తో పాటే కనిపెట్టిన వాలేస్ కూడా ఇక్కడ అడ్డం తిరిగాడు.

ఒక శతాబ్దం దాటాక ఇంగ్లండ్‌లోని విప్స్‌నేడ్ పార్కులో మారియన్ పెట్రీ అనే పరిశోధకురాలు పింఛాల మీద కళ్లు లెక్కపెట్టింది. ఎక్కువ కళ్లున్న మగవాటికి ఎక్కువ జతలు దొరికాయి. కొన్నిటి పింఛాల్లోంచి ఇరవై కళ్లు కత్తిరిస్తే మరుసటి ఏడు వాటి గిరాకీ పడిపోయింది. కథ కంచికి చేరిందనుకునేలోపు, జపాన్‌లో మారికో తకహాషి బృందం ఏడేళ్లు చూసి, ఆడనెమళ్లు పింఛం అందాన్ని బట్టి ఎంచుకుంటున్నట్టు తమకు ఆధారం దొరకలేదని 2008లో ప్రకటించింది. తరువాత అమెరికాలో ఆడనెమళ్ల తలకు చిన్న కెమెరాలు అమర్చి చూస్తే, అవి ఎదుట ఆడుతున్న మగవాణ్ణి చూసింది మూడో వంతు సమయం కూడా లేదు. చూసినప్పుడు కూడా ఎక్కువగా పింఛం అడుగు భాగాన్నే! పెట్రీ లెక్కను తకహాషి అడిగింది, ఇంకొకరు ఇద్దర్నీ అడుగుతారు. కన్నీటి కథను మాత్రం ఇన్ని తరాలుగా ఎవరూ లాంతరు ముందు పెట్టలేదు.

ఇంకో తమాషా. మనం ఆడపిల్లకు మయూరి అని పేరు పెట్టి నాట్యం నేర్పిస్తాం. ఆడే నెమలి మగది. చైత్రంలో కోయిలమ్మ కూసిందంటాం. మామిడితోపులో గొంతు చించుకునే ఆ నల్లటి పిట్ట మగది, చుక్కల ఒంటితో ఆకుల్లో దాక్కుని వింటున్నది అమ్మ. ముస్తాబై మెప్పించాల్సిన పని ఆడదానిదేనని మనకు ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, పక్షుల లింగం కూడా మార్చేశాం.

కొత్త దంపతుల్ని చిలకా గోరింకల్లా ఉన్నారంటాం. చిలక జాతి వేరు, గోరింక జాతి వేరు. రెండూ చెట్టు తొర్రల్లో గూడు పెడతాయి గనక వాటి మధ్య ఉన్న బంధుత్వమల్లా తొర్ర తగాదా. మా వీధి చివర తల విరిగిన కొబ్బరి మోడు దగ్గర ఒక మార్చి నెలంతా ఈ యుద్ధం చూశాను. చిలక తొర్రలోంచి తల బయటపెట్టి కూర్చుంటే గోరింకలు రెండూ చెరోవైపు నుంచి వచ్చి పొడిచేవి. కాపురం పదేళ్లు దాటినవాళ్లు ఉపమానం సరిగ్గానే కుదిరిందంటారేమో, నాకు తెలియదు.

జంట పక్షుల పాతివ్రత్యం మీద నమ్మకం మనకే పరిమితం కాదు. ఇంగ్లండ్‌లో డన్నక్ అనే బూడిదరంగు పిట్ట ఉంది. రెవరెండ్ మోరిస్ అనే మతగురువు 19వ శతాబ్దంలో ఆ పిట్ట అణకువను, నిరాడంబరతను చూసి నేర్చుకోమని జనానికి బోధించాడు. 1980లలో నిక్ డేవిస్ అనే శాస్త్రజ్ఞుడు కేంబ్రిడ్జిలో కూర్చుని చూస్తే, ఆ సాధుజీవి ఆడది ఇద్దరు మగవాళ్లతో కాపురం చేస్తోంది. ఒకడి కన్నుగప్పి పొదల్లో రెండోవాడితో కలుస్తోంది. మొదటివాడు ఆమె అవస్కరాన్ని ముక్కుతో పొడిచి, అంతకుముందు పడ్డ వీర్యాన్ని బయటికి రాలగొట్టిస్తున్నాడు. మోరిస్ బోధ విన్నవాళ్లు అదృష్టవంతులు, వాళ్లెవరూ పొదల్లోకి తొంగిచూడలేదు.

శాస్త్రజ్ఞులూ మొదట జంటను చూసి మోసపోయినవాళ్లే. పక్షిజాతుల్లో 90 శాతానికి పైగా ఏకదాంపత్యమేనని 1968లో డేవిడ్ లాక్ లెక్క తేల్చాడు. అమెరికాలో పంట తినే ఎర్రరెక్కల నల్లపిట్టల సంతతి తగ్గించే ఉపాయం వెతుకుతూ మగవాటికి వేసెక్టమీ చేసి చూశారు. వాటి హద్దుల్లోని ఆడపిట్టలు నిక్షేపంగా జీవమున్న గుడ్లు పెట్టాయి. ఈ సంగతి 1975లో అచ్చయింది. 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్ర కనిపెట్టాడు. మూడేళ్లు తిరక్కుండానే పిచ్చుక గూళ్లలో తండ్రుల్ని వెతకడం మొదలైంది. 2002 నాటికి పోగైన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, జంటగా కాపురం చేసే జాతుల్లో సగటున నూటికి 11 పిల్లలకు తండ్రి గూటివాడు కాదు. ఆస్ట్రేలియాలోని సూపర్బ్ ఫెయిరీ రెన్‌లో ఆ సంఖ్య 76. ఆ ఆడపిట్ట తెల్లవారకముందే బయల్దేరి, పొరుగు మగవాడి దగ్గరికి తనే వెళ్లి వస్తుందని రేడియో ట్యాగులు పట్టిచ్చాయి. అమెరికా నల్ల రాబందులాంటివి కొన్ని నిజంగానే జత తప్పవు. వాటికి మాత్రం ఎవరూ పూజ చేయరు.

డీఎన్ఏ వేలిముద్రల పని మన హైదరాబాదులోనూ జరిగింది. సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ కట్లపాము జాతి పాములో దొరికిన డీఎన్ఏ ముక్క ఆధారంగా ఆ పరీక్షకు ఇక్కడి పద్ధతిని తయారుచేశాడు. అది కోర్టుకెక్కిన తొలి కేసుల్లో ఒకటి కేరళలో ఒక బిడ్డకు తండ్రెవరన్న తగాదా. కాదన్న మగవాడి మాటకూ, ఔనన్న ఆడదాని మాటకూ మధ్య అప్పటిదాకా సాక్షి లేడు. సాక్షి లేనంతకాలం ఊరు ఎవరి శీలాన్ని విచారించేదో చెప్పక్కర్లేదు. కథల్లో అగ్నిపరీక్షలన్నీ ఒక వైపువాళ్లకే.

అలాగని "పక్షులే అలా ఉన్నాయి గదా" అని సంబరపడేవాళ్లూ నాకు కావలసినవాళ్లు కాదు. పిట్టను చూపించి పెళ్లాన్ని కట్టడి చేసేవాడూ, అదే పిట్టను చూపించి తన తిరుగుళ్లు సమర్థించుకునేవాడూ ఒకే బడిలో చదివారు. తనకు ఇష్టంలేని పుంజు మీదపడితే నాటుకోడి పెట్ట ఆ వీర్యాన్ని బయటికి తోసేయగలదని 2000లో తేలింది. దీన్నుంచి మన సంసారాలకు ఏ నీతి తీస్తారు?

కాకుల సంగతి చెప్పాలి. కాకులు కలుసుకుంటుండగా చూస్తే చావు తప్పదని మా వైపు నమ్మకం. చూసినవాడు చచ్చిపోయాడని అయినవాళ్లకు దొంగ కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడిస్తే దోషం పోతుంది. మా పెదనాన్న ఒకరోజు పెరట్లో ఆ దృశ్యం చూసి, మధ్యాహ్నానికల్లా మా మేనత్తకు తన చావుకబురు టెలిగ్రామ్ ఇచ్చాడు. సాయంత్రం బస్సు దిగి, వీధి మొదట్నుంచీ గుండెలు బాదుకుంటూ వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని మరమరాలు తింటున్నాడు. "ఏడవకే అమ్మా, దోషం పోయింది" అన్నాడు. "నీ దోషం పోయింది సరే, దారిలో నా ప్రాణమే పోయేది గదన్నయ్యా" అని ఆమె అక్కడే కూలబడింది. రెండు రోజులు జ్వరం. చెట్టు మీద రెండు పక్షులు తమ పని తాము చేసుకున్నందుకు ఒక మనిషి అనుభవించిన శిక్ష అది.

హైదరాబాదులో కేబీఆర్ పార్కు ఉంది. పొద్దున్నే నడవడానికి వెళ్లేవాళ్లకు నెమళ్లు కొత్త కాదు. మిగతా ఊళ్లలో ఈమధ్య పొలాల్లోనే దొరుకుతున్నాయి, రైతులు మొత్తుకుంటున్నారు కూడా. జూన్‌లో ఒక పూట వెళ్లి, కాస్త దూరంగా, సెల్‌ఫోను లోపల పెట్టుకుని, ఓపిగ్గా నిలబడి చూడండి. కళ్లారా చూశాక ఇంటికి చావుకబురు మాత్రం పంపకండి.