ప్రధాన కండక్టర్‌ను వాద్యకారులే ఎన్నుకోవాలి

సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రధాన కండక్టర్ ఒక్క వాద్యం కూడా వాయించరు. అయినా వందమంది వాయించేది ఏ వేగంలో నడవాలో, ఎవరి ధ్వని పైకి రావాలో, ఎవరిది తగ్గాలో తేల్చేది ఆయనే. ఏ రచనలు ప్రదర్శించాలి, ఖాళీ పడిన స్థానంలోకి ఎవరిని తీసుకోవాలి అన్న విషయాల్లోనూ ఆయన మాటకు బరువెక్కువ. ఇంతటి పదవికి మనిషిని ఎంచే అధికారం అమెరికా పెద్ద ఆర్కెస్ట్రాలలో పాలకమండళ్ల చేతిలో ఉంది. అన్వేషణ కమిటీలో వాద్యకారులకు కొన్ని కుర్చీలు దొరుకుతాయి, చివరి మాట దొరకదు. ఆ చివరి మాట వారికే దక్కాలి.

ఇది కొత్త ఊహ కాదు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ పుట్టుకే ఒక తిరుగుబాటు. బెన్యమిన్ బిల్సే నడిపిన బృందంలోని వాద్యకారులు, కచేరీకి తమను రైల్లో నాలుగో తరగతిలో పంపబోతున్నారని తెలిసి, 1882లో బయటికి వచ్చి సొంత ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. అక్కడ నేటికీ ప్రధాన కండక్టర్‌ను సభ్యులు రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. పదవికి దరఖాస్తులు ఉండవు. 1989లో క్లాడియో అబ్బాదో, 1999లో సైమన్ రాటిల్ అలాగే వచ్చారు. 2015 మే 11న సభ్యులు దాలెమ్‌లోని ఒక చర్చిలో సమావేశమై సుమారు పదకొండు గంటలు చర్చించినా ఎవరి పేరూ తేలలేదు. అది వైఫల్యమని అప్పుడు చాలామంది రాశారు. నిజానికి, మనసు కుదరనప్పుడు తొందరపడకపోవడమే ఆ పద్ధతికి ఉన్న బలం. జూన్‌లో మళ్లీ కూర్చుని కిరిల్ పెట్రెంకోను ఎన్నుకున్నారు. అంతకుముందు ఆయన ఆ బృందాన్ని నడిపింది మూడు కార్యక్రమాల్లోనే. ప్రచారానికి దూరంగా ఉండే ఆయన పేరు, పేరుప్రతిష్ఠలు లెక్కగట్టే ఏ మండలికైనా తట్టేది కాదేమో. రిహార్సళ్లలో ఆయన పని చూసినవారికి తట్టింది.

అసలు కారణం అక్కడే ఉంది. ప్రేక్షకులకూ పాలకమండలికీ కనిపించేది కచేరీ రాత్రి. కండక్టర్ పనిలో ఎక్కువ భాగం అంతకుముందు రిహార్సళ్లలోనే అయిపోతుంది: తప్పు ఎక్కడ జరిగిందో చెవి పట్టుకుందా, దాన్ని రెండు మాటల్లో సరిదిద్దగలిగారా, ఉన్న కొద్ది సమయాన్ని ఏ పుటకు ఖర్చుపెట్టారు అన్నవి వేదిక మీద కూర్చున్నవారికే తెలుస్తాయి.

వారి సమ్మతి లేకుండా నియమిస్తే నష్టపోయేది కండక్టర్ కూడా. 2005లో బాల్టిమోర్ సింఫనీకి మరిన్ ఆల్సప్‌ను పాలకమండలి ఎంపిక చేసినప్పుడు, అన్వేషణ ఇంకా కొనసాగించాలని వాద్యకారులు బహిరంగంగా కోరారు. ఆమె వారిని నేరుగా కలిసి మాట్లాడి, 2007లో బాధ్యత తీసుకుని, 2021 వరకు ఆ ఆర్కెస్ట్రాను ఘనంగా నడిపారు. ఆ విజయం ఆమెది. తొలి అడుగే అవమానంతో పడడం మాత్రం పద్ధతి తప్పు.

ఓటు ఉన్నంతమాత్రాన న్యాయం జరుగుతుందన్న హామీ లేదు. ఇది ఒప్పుకోవలసిన అభ్యంతరం. సభ్యులే అన్నీ నిర్ణయించుకునే వియన్నా ఫిల్హార్మోనిక్ 1997 వరకు ఏ స్త్రీనీ సభ్యురాలిగా చేర్చుకోలేదు. బెర్లిన్‌లో 1982 దాకా ఒక్క మహిళా సభ్యురాలు కూడా లేరు. ఆ తర్వాత క్లారినెట్ వాద్యకారిణి జబీనె మాయర్‌ను అప్పటి ప్రధాన కండక్టర్ కారయాన్ కోరితే సభ్యులు భారీ ఆధిక్యంతో తిరస్కరించారు. పరిచయమైన ముఖాలనే ఓటు వెతుక్కుంటుంది. అందుకే ఓటుకు ముందు రెండు మూడు సీజన్ల పాటు అతిథి కండక్టర్ల జాబితాలో స్త్రీలకూ, కొత్తవారికీ, ఇతర ఖండాలవారికీ చోటుండాలని నిబంధనల్లోనే రాయాలి. రిహార్సల్‌లో ఎదురుపడని వ్యక్తికి ఎవరూ ఓటు వేయరు.

పాలకమండలికి డబ్బు బాధ్యత ఉంది గనుక జీతభత్యాల పరిమితి, ఒప్పందం షరతులు వారే నిర్ణయించవచ్చు. కండక్టర్ ఏడాదికి ఎన్ని వారాలు ఆ నగరంలో ఉండాలో ఓటుకు ముందే సభ్యులకు తెలియాలి. ఉదాహరణకు, కండక్టర్ క్లాస్ మెకెలా 2027లో ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ, షికాగో సింఫనీ రెండింటి బాధ్యతా తీసుకోనున్నారు. ఎంత ప్రతిభ ఉన్నా ఒక మనిషి కాలాన్ని రెండు ఖండాలు పంచుకోవలసిందే.

పేరు ఎన్నుకునే అధికారం వాద్యకారులది, దాన్ని ఆమోదించి ఒప్పందం రాసే పని మండలిది అని నియమావళి మార్చాలి. ఓటుకు సాధారణ ఆధిక్యం చాలదు, స్పష్టమైన పెద్ద ఆధిక్యం కావాలి. పదవీకాలం ఐదేళ్లకు మించకూడదు, పొడిగింపు కూడా అదే రహస్య ఓటు మీద ఆధారపడాలి.