ఆగమనే అధికారం

2019 జూలై 15 తెల్లవారుజామున, ఇక్కడ శ్రీహరికోటలో, చంద్రయాన్-2 ప్రయోగాన్ని సరిగ్గా 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపేశారు. చూడవచ్చినవారందరూ నిట్టూర్చి ఇంటిదారి పట్టారు. వారం తిరిగేసరికి, 22న, అది నిక్షేపంగా ఎగిరింది. “ఆగండి” అన్నందుకు ఎవరినైనా దండించారని మాత్రం నేను వినలేదు.

ఇది ఇప్పుడెందుకంటే, మొన్న మా మేనకోడలు వచ్చింది. తిరుపతి పశువైద్య కళాశాలలో చదివి, మద్రాసులో పలు శాఖలున్న ఒక పెంపుడు జంతువుల ఆసుపత్రిలో చేరింది. నెలాఖరున వైద్యులందరినీ కూర్చోబెట్టి, ఎవరి చేతిమీదుగా ఎన్ని రక్తపరీక్షలు, ఎన్ని స్కానింగులు జరిగాయో, ఎన్ని దాణా సంచులు అమ్ముడయ్యాయో చదువుతారట. పెళ్లివిందు మెక్కి కక్కుకున్న కుక్కనొకదాన్ని పరీక్షించి, ఒక పూట పస్తుంచి చూడమని పంపించింది తను. మేనేజరు (అంతకుముందు సెల్‌ఫోన్ల దుకాణాలు చూసుకున్నవాడట) పిలిచి, “ఒక్క పరీక్షైనా రాయకుండా ఎలా పంపావు?” అన్నాడు.

“పన్నెండు గంటలు నిలబడటం, అన్నం వేళ తప్పటం అలవాటైపోయాయి మామయ్యా. ఏమీ అవసరం లేదని చెప్పడానికే కదా ఐదేళ్లు చదివింది!” అంది.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, వైద్యం చేసేవారు పట్టా పుచ్చుకుని పేరు నమోదు చేసుకోవాలంది. ఆ వైద్యం నెలకెంత అమ్మాలో నిర్ణయించేవారిని మాత్రం ఏ అర్హతా అడగలేదు.

బ్రిటన్‌లో ఈ కథ మనకన్నా ముందే నడిచింది. పశువైద్యులు కానివారు కూడా వైద్యశాలలకు యజమానులు కావచ్చునని అక్కడ 1999లో నియమం సడలించారు. 2013లో నూటికి పదిగా ఉన్న పెద్ద సంస్థల వాటా పదేళ్లలో దాదాపు అరవైకి చేరింది. బిల్లులపై గగ్గోలు పుట్టి, 2024 మేలో పోటీ వ్యవహారాల సంస్థ పూర్తిస్థాయి విచారణకు దిగింది. అమెరికాలో వీసీఏ వైద్యశాలలను 2017లో కొన్నది చాక్లెట్ల మార్స్ సంస్థ. కుక్కలకు చాక్లెట్ విషమన్న సంగతి పాఠకులకు తెలిసిందే.

పెట్టుబడి వద్దనను. ఎక్స్‌రే యంత్రం, మత్తుమందు సరంజామా ఒంటరి వైద్యుడు అమర్చుకోగలిగినవి కావు. కానీ జీతానికీ బిల్లుకీ ముడి తెగాలి. వైద్యులను మందలించే కుర్చీలో వైద్యుడే ఉండాలి. లేకుంటే పోయేది రోగి యజమాని డబ్బు మాత్రమే కాదు. అడగలేని ప్రాణికి అక్కర్లేని సూది గుచ్చేటప్పుడు ఆ పిల్ల చేయి వణకడం మానేస్తుందేమోనని నా భయం.

ఆదివారం సాయంత్రం సూళ్లూరుపేటలో రైలెక్కించి వచ్చాను. మర్నాడే ఆ నెలాఖరు సమావేశం.