తమ్ముడికి కిక్ నేర్పిన మాస్టారు

వినుకొండలో ‘తమ్ముడు’ చూసి మా నూజెండ్ల వచ్చిన మర్నాడే, గోడకి ఆనించిన నాపరాయి మీద గట్టిగా ఒక గుద్దు గుద్దా. రాయికేం కాలేదు. నా మణికట్టుకి మాత్రం నెల రోజులు కట్టు! నాన్న తిట్లు అదనం. సినిమాలో అంతా ఉత్తుత్తిదే అని ఆ రోజే డిసైడైపోయా.

కాదని చాలా తర్వాత తెలిసింది. 1999లో ఆ కిక్ బాక్సర్ వేషం వేయకముందే పవన్ కల్యాణ్ చెన్నైలో షిహాన్ హుస్సైనీ దగ్గర కరాటే నేర్చుకున్నారు. మాస్టారు మొదట నేర్పనన్నారట. బతిమాలి ఒప్పించి, తెల్లారి 5 గంటలకే వెళ్లి సాయంత్రం దాకా అక్కడే ఉండేవారట. బ్లాక్ బెల్ట్ ఊరికే రాలేదు. అంతకుముందు, 80ల్లోనే మనకి సుమన్, భానుచందర్ ఉన్నారు లెండి. వాళ్లదీ నేర్చుకున్న కరాటేనే.

ఫైట్ సీన్‌లో నేను కిక్ చూడను. కిక్ తర్వాత కాలు ఎక్కడ దిగిందో చూస్తా. నేర్చినవాళ్లు తూలకుండా మళ్లీ అదే స్టాన్స్‌లోకి వస్తారు. రానివాళ్లకి సరిగ్గా అక్కడే షాట్ కట్ అవుతుంది. కావాలంటే ఫోన్లో స్లో చేసి చూడండి.

అసలు గమ్మత్తు ఇంకోటుంది. ‘తమ్ముడు’ని 2001లో విజయ్‌తో తమిళంలో ‘బద్రి’గా తీశారు. అందులో హీరోకి కోచ్ ఎవరనుకున్నారు? హుస్సైనీయే!

2025 మార్చిలో ఆయన బ్లడ్ క్యాన్సర్‌తో పోయారు. ఆ రాత్రి ‘బద్రి’ పెట్టుకున్నా. విజయ్‌ని చూళ్లేదు. మాస్టారు ఎలా నిలబడ్డారో చూస్తూ కూర్చున్నా.