స్టేడియం గేటు మూస్తే.. సీజన్ టికెట్ డబ్బులు ఎవరివి?

మ్యాచ్ ఆగలేదు. టీవీలో లైవ్ వచ్చింది. గోల్స్ పడ్డాయి, కప్పు కూడా ఎత్తారు. కానీ సీటు కోసం ఏడాది ముందే డబ్బులు కట్టిన అభిమాని మాత్రం ఇంట్లో సోఫాలో కూర్చుని చూశాడు. మరి ఆ డబ్బుల సంగతేంటి?

2020లో కరోనా వేళ యూరప్ ఫుట్‌బాల్‌ను కుదిపేసిన ప్రశ్న ఇది. కరోనా పోయినా ప్రశ్న మాత్రం పోలేదు. ప్రేక్షకుల గొడవలు, జాత్యహంకార నినాదాల మీద చర్యగా స్టేడియం మొత్తమో, ఒక స్టాండో మూసేయాలని యూఈఎఫ్‌ఏ ఆ తర్వాత కూడా శిక్షలు వేస్తూనే ఉంది. గేటు పడిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికొస్తోంది.

ఐపీఎల్‌కు ఏ మ్యాచ్‌కు ఆ మ్యాచ్ టికెట్ కొనే అలవాటున్న మనకు ఈ సీజన్ టికెట్ కాస్త కొత్తే. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో జట్టు సొంత మైదానంలో 19 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటన్నింటికీ కలిపి సీజన్ మొదలవకముందే డబ్బులు తీసుకుంటారు. ఒక్కసారే కట్టలేని వాళ్లు నెలనెలా వాయిదాల్లో కడతారు. చూడబోతే ఇది అభిమాని తన క్లబ్‌కు ఇచ్చే అడ్వాన్సు.. ఇంకాస్త గట్టిగా చెప్పాలంటే అప్పు. పైగా పెద్ద క్లబ్బుల్లో సీటు వదులుకుంటే మళ్లీ దొరకడానికి ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండాల్సిందే. అందుకే ఎంత కోపం వచ్చినా చాలామంది సీటు వదలరు. ఆ సంగతి క్లబ్బులకూ బాగా తెలుసు.

లివర్‌పూల్ లెక్క చూడండి..

2020 మార్చి 13న ప్రీమియర్ లీగ్ ఆగింది. జూన్ 17న ప్రేక్షకులు లేకుండా మళ్లీ మొదలైంది. అప్పటికి మిగిలిన మ్యాచ్‌లు 92. లివర్‌పూల్ తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఆడాల్సినవి ఇంకా 4.

ఉదాహరణకు ఒక సీజన్ టికెట్ 760 పౌండ్లు అనుకుందాం. 19తో భాగిస్తే మ్యాచ్‌కు 40 పౌండ్లు. నాలుగు మ్యాచ్‌లకు 160. క్లబ్బులు ఎక్కువగా పాటించింది ఈ పద్ధతే. చూడని మ్యాచ్‌ల మేరకు డబ్బు వాపసు ఇవ్వడం, లేదంటే వచ్చే సీజన్ టికెట్‌లో తగ్గించడం. లెక్క ప్రకారం తప్పేమీ లేదు.

కానీ ఆ నాలుగింటిలో ఒకటి జూలై 22న చెల్సీతో జరిగిన మ్యాచ్. 30 ఏళ్ల తర్వాత లివర్‌పూల్ లీగ్ ట్రోఫీ ఎత్తింది ఆ రాత్రే. మ్యాచ్ 5-3తో గెలిచారు. అభిమానులు నిలువెల్లా ఊగిపోయే ‘కోప్’ స్టాండ్‌లోనే వేదిక కట్టి కప్పు ఇచ్చారు.. చుట్టూ ఖాళీ కుర్చీలు. 30 ఏళ్లు ఎదురుచూసిన మనిషికి ఆ రాత్రి ధర 40 పౌండ్లా?

రీఫండ్‌కీ నష్టపరిహారానికీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. అందని సేవకు కట్టిన డబ్బు తిరిగిస్తే అది రీఫండ్. పోగొట్టుకున్న దానికి విలువ కట్టి ఇస్తే పరిహారం. రెండోది క్లబ్బుల దగ్గర ఆశించడం అత్యాశే. గేట్లు మూయించింది కరోనా, క్లబ్ కాదు. కాబట్టి ‘నా ఆనందం పోయింది, దానికి లెక్క కట్టండి’ అంటే చట్టం ముందు నిలబడటం కష్టం. కానీ మొదటిదాన్ని కూడా దయాదాక్షిణ్యంలా చూపిస్తేనే చిక్కు. ఎందుకంటే సీజన్ టికెట్‌తో క్లబ్ అమ్మింది మ్యాచ్‌ను కాదు, లోపలికి రానిచ్చే హక్కును. మ్యాచ్ జరిగింది కదా, టీవీలో చూశారు కదా అంటే కుదరదు.

టీవీ సంస్థలకు ఒక రూలు, అభిమానికి ఒకటా?

ఇక్కడో విచిత్రం ఉంది. మిగిలిన 92 మ్యాచ్‌లనూ బ్రిటన్‌లో లైవ్‌గా చూపించారు. అయినా షెడ్యూల్ మారిందని, స్టేడియాలు ఖాళీగా ఉన్నాయని ప్రసార సంస్థలకు ప్రీమియర్ లీగ్ తిరిగి ఇవ్వాల్సిన మొత్తం దాదాపు 33 కోట్ల పౌండ్లని అప్పట్లో వార్తలొచ్చాయి. మ్యాచ్‌లన్నీ దక్కిన వాళ్లకు కాంట్రాక్టు అండగా నిలిచింది. ఒక్క మ్యాచ్ కూడా దక్కని అభిమానికి మాత్రం కొన్నిచోట్ల మూడు ఆప్షన్లు.. డబ్బు వెనక్కి కావాలా, వచ్చే ఏడాదికి జమ చేయాలా, క్లబ్‌కే వదిలేస్తారా?

మూడో ఆప్షన్ పెట్టడం తప్పు కాదు. జర్మనీలో చాలామంది ఇష్టపూర్వకంగానే వదిలేశారు. అక్కడ బొరుసియా మొంచెన్‌గ్లాడ్‌బాక్ క్లబ్ అయితే 19 యూరోలకు అభిమాని ఫొటోతో అట్టబొమ్మ చేయించి అతని బదులు స్టాండ్‌లో నిలబెట్టింది. అలా వేలాది అట్టబొమ్మలు మ్యాచ్ ‘చూశాయి’. రాలేని సీటుకు మళ్లీ డబ్బు కట్టడమేంటని నవ్వొచ్చు కానీ, కట్టిన వాళ్లు ఇష్టపడే కట్టారు. అడిగేది ఎవరు, నిర్ణయించేది ఎవరు అన్నదే ముఖ్యం. బ్రిటన్ పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థ సీఎంఏ 2020 ఏప్రిల్ 30న చెప్పింది కూడా దాదాపు ఇదే. ఫుట్‌బాల్ ఒక్కదాని గురించే కాదు, అన్ని వ్యాపారాలకూ కలిపి చెప్పింది. వోచర్ ఇవ్వజూపొచ్చు, కానీ ఒత్తిడి చేయొద్దు, రీఫండ్ కూడా అంతే తేలిగ్గా దొరకాలి అని.

జర్మనీ మాత్రం వేరే దారి పట్టింది. 2020 మే 20 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, మార్చి 8కి ముందు అమ్మిన టికెట్లకు నిర్వాహకులు నగదు బదులు వోచర్ ఇవ్వొచ్చు. సంగీత కచేరీలకే కాదు, ఆటలకూ ఇదే రూలు. 2021 చివరి దాకా వాడుకోకపోతే అప్పుడు డబ్బు అడగొచ్చు. నిజంగా ఇబ్బందుల్లో ఉన్న వాళ్లు ముందే అడగొచ్చు. అందరికీ ఒకేసారి డబ్బు తిరిగిస్తే నిర్వాహకులు దివాలా తీస్తారన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ బరువు మోసింది ఎవరు? లాక్‌డౌన్‌లో జీతం తగ్గిన ప్రేక్షకుడే.

క్లబ్బుల గోడు కూడా వినాలి. అయితే అందరి పరిస్థితీ ఒకటి కాదు. ప్రీమియర్ లీగ్ క్లబ్బుల మొత్తం ఆదాయంలో మ్యాచ్ రోజు వచ్చేది కరోనాకు ముందు ఏడో వంతు లోపే. సింహభాగం టీవీ హక్కులదే. ఈ స్థాయి క్లబ్ ‘టికెట్ డబ్బు తిరిగిస్తే మునిగిపోతాం’ అంటే నమ్మబుద్ధి కాదు. కింది స్థాయి లీగుల్లో కథ వేరు. అక్కడ గేటు డబ్బే ప్రాణం. ఇంగ్లండ్ లీగ్ వన్, లీగ్ టూ క్లబ్బులు 2020 జూన్‌లో ఓటు వేసి మరీ లీగ్ మ్యాచ్‌లను మధ్యలోనే ముగించుకున్నాయి. ఖాళీ స్టేడియంలో ఆడితే ఖర్చే తప్ప రాబడి లేదు మరి. అలాంటి ఊరి క్లబ్‌కు అభిమాని వంద పౌండ్లు వదిలేశాడంటే అర్థం చేసుకోవచ్చు.

ఇటలీలో గొడవ మరో మెట్టు ఎక్కింది. స్టేడియం మూసినా, మ్యాచ్ వాయిదా పడినా డబ్బు వాపసు ఉండదని టికెట్ షరతుల్లో ముందే రాసుకున్నారంటూ అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 9 సిరీ ఎ క్లబ్బులపై విచారణ జరిపింది. యువెంటస్, ఇంటర్, మిలాన్, రోమా కూడా అందులో ఉన్నాయి. చివరికి ఆ షరతులు వినియోగదారుడికి అన్యాయం చేసేవేనని తేల్చింది. ఎవరో పది మంది చేసిన అల్లరికి స్టాండ్ మూస్తే, నోరు మెదపని వేల మంది డబ్బు ఎందుకు పోగొట్టుకోవాలన్న ప్రశ్నకు ఈ తీర్పు దగ్గరి సమాధానం.

హైదరాబాద్‌కూ ఈ అనుభవం ఉంది

ఐఎస్ఎల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2020-21, 2021-22 సీజన్లు పూర్తిగా గోవాలోనే ఆడింది. గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా లేకుండానే 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు కొట్టింది. కట్టిమణి మూడు షాట్లు ఆపిన ఆ రాత్రి సొంతూరి స్టేడియం చీకట్లోనే ఉంది. వేదిక గోవా అని సీజన్‌కు ముందే చెప్పేశారు కాబట్టి డబ్బు వాపసు పేచీ రాలేదు. సీజన్ మధ్యలో మూసి ఉంటే?

2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం-2019లో ‘అన్యాయమైన కాంట్రాక్టు’ అనే మాట ఉంది. ఏకపక్ష షరతులపై రాష్ట్ర కమిషన్‌కు వెళ్లొచ్చు. డబ్బు తీసుకుని సేవ ఇవ్వలేదన్న మామూలు ఫిర్యాదైతే జిల్లా కమిషన్ చాలు. అంతకంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ‘నో రీఫండ్’ అని కొట్టేసినంత మాత్రాన కథ ముగిసినట్టు కాదు. క్రికెట్ అయినా, కబడ్డీ అయినా, కచేరీ అయినా పాస్ కొనేముందు ఒక్క లైను వెతుక్కోవాలి.. ప్రేక్షకుల్ని అనుమతించకపోతే ఏం చేస్తారు? అది రాసి లేకపోతే డబ్బులు కట్టకముందే నిర్వాహకులకు మెయిల్ పెట్టి అడగాలి, వచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి.