పెక్కు బోదెల వామనవృక్షము

కుండీలో నొక మొక్కయైనను లేని యిల్లు మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో అరుదు. తులసియో, మల్లెయో, కరివేపాకో పలువురు పెంచుచునే యున్నారు. వారిలో కొందరికి మహావృక్షమునే చిన్న కుండీలో ఇముడ్చు వామనవృక్షముపై మనసు పోవుచున్నది. జపానీయులు దీనిని బోన్సాయి యందురు. పళ్ళెమున నాటబడినదని యా మాటకు అర్థము. ఈ విద్య చీనాదేశమున పుట్టి జపానున పెరిగినది. మన పాఠశాలల బాలబాలికలకు ఇది తగిన వేడుకయే యని నా యభిప్రాయము. కాని క్రమమెరిగి చేసినప్పుడే తగినది.

క్రమము తప్పుట యెచ్చటననగా, మొదట అంగడికి పోయి నిగనిగలాడు పింగాణీ కుండీని కొందురు. పిమ్మట అందులో పట్టు చెట్టును వెదకుదురు. దానిని జెండాకొయ్యవలె నిలువుగా నాటుదురు. ఏప్రిలు, మే మాసములు వచ్చుసరికి చెట్టు మాడును, కుండీ మిగులును. చెట్టును జూచి వాలును, వాలును జూచి కుండీ వెడల్పును, మన యెండను జూచి కుండీ లోతును నిర్ణయింపవలయుననుట నా మతము. ఒంటి బోదె చెట్టుకంటె పెక్కు బోదెల చెట్టునకు ఈ క్రమము మరింత యవసరము.

చెట్టునకు పెక్కు బోదెలు రెండు విధముల కలుగుచుండుట మన కన్నుల యెదుటనే యున్నది. గొడ్డలి వ్రేటునకో, మేకల నోటికో గురియైన చింతగాని, వేపగాని, కానుగగాని మోడునుండి మరల చిగిర్చి మూడు నాలుగు కొమ్మలను లేపును. కాలక్రమమున అవియే బోదెలగును. ప్రతిదానికిని వెలుతురు కావలయును గనుక, అంచుననున్నవి వెలుపలికి వాలును, నడిమిది నిటారుగా లేచును. ఇది యొక విధము. రెండవది మర్రి. దాని కొమ్మలనుండి ఊడలు దిగి, నేలనంటి, బోదెలగును. పులివెందులకు దక్షిణమున, కదిరి ప్రాంతమునందలి తిమ్మమ్మ మర్రిమాను ఇట్లు ఊడలతో వ్యాపించి దాదాపు ఐదెకరముల నేలను కప్పియున్నది. 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఊడ తన బరువునకు తాను వ్రేలాడుచు, గోడకట్టు మేస్త్రి వాడు గుండుదారమువలె నిలువుగా దిగును.

ఈ భేదము తెలిసినవానికి వాలు విషయమున సగము సందేహము తీరును. చింత గుబురును కొంత వాల్చి నాటినను శోభించును. ఊడలు దిగిన మర్రిని వాల్చి నాటినయెడల ఊడలన్నియు ఒరిగి, గాలివానకు పడబోవు పందిరివలె కనబడును.

మిగిలిన సగమును గణితము చదువు విద్యార్థులు కాగితముపై గీసి చూడవచ్చును. ఒక చింత గుబురునకు మూడు బోదెలు కలవు. పెద్దది కుడికి 5 డిగ్రీలు, నడిమిది ఎడమకు 5 డిగ్రీలు, చిన్నది ఎడమకు 25 డిగ్రీలు వాలియున్నవి అనుకొందము. చిన్నది మిక్కిలి ఒరిగినదని తలచి, మొత్తము చెట్టును కుడికి 10 డిగ్రీలు వాల్చితిమా, చిన్నది 15 డిగ్రీలకు వచ్చి చక్కబడును. కాని పెద్దది కుడికి 15 డిగ్రీలు ఒరుగును. ఎడమనుండిన నడిమిది 5 డిగ్రీలు కుడికి మొగ్గి పెద్దదాని వెంటబడును. బోదెలకు తమలో తమకు గల యెడములు మాత్రము ఎప్పటివలె 10, 20 డిగ్రీలే. అనగా నాటు వాలు ఆ కుటుంబము నిలుచు తీరును మార్చును గాని, అందలివారి నడిమి యెడమును మార్చజాలదు. యెడము మారవలయునన్న తీగ చుట్టి వంచవలయును, లేదా యొక బోదెను తీసివేయవలయును. కావున ఒక్క బోదె అందమునకై మిగిలినవానిని చెరుపక, పెద్దబోదె ఎట్లు నిలిచిన తక్కినవి దానికి లోబడి కనబడునో ఆ వాలునే ఎన్నుకొనవలయును.

వాలునకు వేళ్ళు విధించు హద్దును కలదు. 18 అంగుళముల బోదెను 10 డిగ్రీలు వాల్చిన దాని కొన సుమారు 3 అంగుళములు జరుగును. అదే వాలునకు, మొదలునుండి 6 అంగుళముల దూరమున నున్న వేరు ఒక ప్రక్క సుమారు 1 అంగుళము పైకి లేచును, రెండవ ప్రక్క అంతయే దిగును. పలుచని కుండీలో అంగుళము స్వల్పము కాదు. లేచిన వేరు ఎండును, దిగిన వేరు అడుగును తాకును. ఎక్కువ వాలు కోరువారు ఒక్కసారి తొందరపడక, రెండు మూడు మార్పులలో, వేళ్ళను అలవాటు చేయుచు సాధించుట మేలు.

వాలును నిర్ణయించుటకు వెలగల సాధనము లక్కరలేదు. వేళ్ళముద్దను ఇసుక కుప్పపై నుంచి, క్రింద ఇటుకముక్కలతో ఎత్తుచు దించుచు, నలువైపులకు త్రిప్పుచు చూడవలయును. చూచువాని కన్ను చెట్టు నడిమి యెత్తున నుండవలయును. ఏ ప్రక్కనుండి చూచిన ఏ బోదెయు మరియొకదాని వెనుక పూర్తిగా దాగక, ఒకదాని నొకటి అడ్డగింపక యుండునో అదియే ముఖము. మట్టి యుండవలసిన మట్టమును సుద్దతో గుర్తించి, మరునాడు మరల చూడవలయును. నిన్న నచ్చినది నేడును నచ్చినప్పుడే కుండీ మాట యెత్తవలయును.

కుండీ పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులుండవలెనని జపానీయుల నియమము. ఎత్తుకంటె వ్యాపకము హెచ్చైనచో వ్యాపకములో మూడింట రెండు వంతులు. పెక్కు బోదెల చెట్టునకు కోడిగ్రుడ్డు ఆకృతిగల వెడల్పు కుండీ యొప్పును. చెట్టును సరిగా నడుమ నాటక, అది మొగ్గిన దిక్కున ఎక్కువ చోటు విడువవలయును. ఇంతవరకు ఆ నియమములను తలదాల్తము. లోతు విషయమున మాత్రము నేను విభేదింతును. బోదె మొదలి లావెంతయో కుండీ లోతంతయని వారందురు. 2 అంగుళముల లావుగల చెట్టునకు 2 అంగుళముల మట్టి 40 డిగ్రీలు దాటు మన వేసవిలో మధ్యాహ్నమునకే పొడియగును. మనము మూడున్నర, నాలుగు అంగుళములు ఉంచుదము. చూపునకు కొంత మొద్దుగానున్నను చెట్టు బ్రదుకును. ప్రదర్శనమునకై వేరొక పలుచని కుండీ కావలయునన్న, చెట్టు ముదిరిన పిమ్మట చూచుకొనవచ్చును.

కుండీ ద్రవ్యమునకు మన యింటి నీళ్ళకడవయే గురువు. మెరుగుపూత లేని మట్టిగోడనుండి తేమ ఊరి ఆవిరియగుటచే లోపలి నీరు చల్లబడును. వేళ్ళును అట్లే చల్లబడును. మన కుమ్మరిచేత, పచ్చిమీదనే అడుగున రెండు రంధ్రములు పెట్టించి, పొట్టికాళ్ళు అతికించి, బాగుగా కాల్పించిన కుండీ మన చెట్టునకు మేలైనది. కడపబండ పలకపై గుబురును నాటిన మిక్కిలి సొంపుగా నుండునను మాట నిజమే. కాని యెండకు ఆ నల్లబండ పెనమువలె కాగును. నీడపట్టు లేనివారు దానిజోలికి పోరాదు.

ఇక మట్టి. నల్లరేగడి నీటికి ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. అది ప్రత్తిచేనికి పసిడియైనను కుండీకి పనికిరాదు. పెన్న ముతక ఇసుకయు, ఇటుక నలుసులును, మాగిన ఎరువును కలిపి వాడవలయును. తొలకరి పడిన పిమ్మట నాటి, రంధ్రములగుండ తీగ తెచ్చి వేళ్ళముద్దను కదలకుండ కట్టవలయును. చెట్టు ఊగినచో క్రొత్తవేళ్ళు తెగును, ఎన్నుకొన్న వాలును తప్పును.

అమెరికాలో స్థిరపడిన జాన్ నాకా యను జపాను సంతతివాడు 1948లో మొదలిడి, పదునొకండు జూనిపరు చెట్లను ఒక్క పళ్ళెమున వనముగా పెంచెను. తన పదునొకండుగురు మనుమలకు ఒక్కొక్క చెట్టును గుర్తుగా నుంచి, 1984లో ఆ వనమును తన దేశమునకు కానుక చేసెను. అంతటి పనికి కావలసినది ధనము కాదు, ఓపిక.

తలిదండ్రులారా, మీ పిల్లలకు వెలగల కుండీని కొనియీయకుడు. పాతగోడ నెఱ్ఱెలో మొలచిన రావి మొక్కనో, మర్రి మొక్కనో చూపుడు. అడవి చెట్టును పెరికి తేనీయకుడు. విద్యార్థులారా, మూడేండ్లు మొక్కను పెంచుడు, మూడు దినములు వాలును చూడుడు, కుండీని కడపట కోరుడు. అట్లు నాటిన చెట్టు మీరు బడి విడిచిన పిమ్మటను మీ యింట నిలిచియుండును.