భామ నడక

ఉద్దానపు తీరమునుండి టెక్కలి మీదుగా దక్షిణమునకు పోయినను, పలాస, ఇచ్ఛాపురము దాటి ఉత్తరమునకు పోయినను ఒక వింత కనబడును: రంగస్థలమునకు స్త్రీ నడకను నేర్పినవాడు పురుషుడు.

ఉత్తరాంధ్రపు తూర్పు భాగవతములో మద్దెల మోతకు దీటుగా అడుగువేయు సత్యభామ సంప్రదాయరీత్యా పురుషుడే. కృష్ణాతీరమున కూచిపూడిలోను అంతే. అచ్చట భామ తెరమీదుగా జడ వేసి, తన్ను విద్యలో ఓడింపగలవారెవరని సభనే సవాలు చేయును. ఆ వేషమునకు వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) పేరు దేశమెల్ల ఎరిగినది. నాటకరంగమున స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా, చింతామణిగా, రోషనారగా జనులను అలరించి 1956లో పద్మశ్రీ పొందెను.

ఆ విద్య మగవారితో ముగియలేదు. 1963లో మద్రాసున వెంపటి చినసత్యం కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పిన పిదప దానిని అనేకమంది యువతులు చేపట్టిరి. నేడు స్త్రీలు అభినయించు భామ అలకలో, ఓరచూపులో పూర్వపు స్త్రీ వేషధారుల పాలెంతయో కలదు. సరిహద్దుకు ఆవల ఒడియా గోటిపువా బాలురదియు ఇదే కథ. బాలికావేషమున ఆడుచు పెరిగిన కేలూచరణ్ మహాపాత్ర యొద్దనే, మనకు పొరుగున గల బరంపురమున జన్మించిన సంయుక్తా పాణిగ్రాహి ఒడిస్సీ అభ్యసించెను. లోకము చెరగదనుకొనిన గీత రంగముమీద ఎంత సులభముగా చెరిగినదో గదా!

ఈ నటుల స్వంత బ్రతుకులనుగూర్చి ఊహలు అనవసరము. వేషము వేరు, జీవితము వేరు. అయినను ఒక ప్రశ్న తప్పదు. న్యూయార్కున 1967లో నాటకసంస్థ నెలకొల్పిన ఛార్లెస్ లడ్లం తాను స్వలింగానురాగినని దాచుకొనక, తానే కామిల్ వేషము కట్టెను. తరువాతి నటులకు అతడు వేషమునే గాక ధైర్యమునుకూడ మిగిల్చెను. మనమో, వేషమునకు హారతి పట్టితిమి. స్త్రీగా బ్రతుకదలచిన మనిషిని వీధిలో హేళన చేసితిమి. 2014లో సుప్రీంకోర్టు తృతీయలింగులను గుర్తించినది. 2018లో స్వలింగానురాగము నేరము గాదన్నది. న్యాయస్థానము చేరిన చోటికి తరగతిగది ఇంకను చేరవలసియున్నది. పాఠశాల నాటకములో ఆడవేషము కట్టిన బాలునికి ఆ రాత్రి చప్పట్లు లభించును, మరునాటినుండి మారుపేరు లభించును. చప్పట్లు కొట్టినవారే ఆ పేరు పెట్టుదురు.

అట్టి పిల్లవాడు బడి మానకముందే ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటి కలదు. చుట్టుపట్ల తూర్పు భాగవతులెవరైన నున్నచో పిలిపించి, సత్యభామ ప్రవేశమును పిల్లలయెదుట ఆడించి, ఆ నడక ఎన్నేండ్ల సాధనయో ఆయన నోటనే చెప్పింపవచ్చును.