ధర కాదు, అక్షరాలు చూడాలి

2005లో సల్వా జుడుం మొదలయ్యాక బాసగూడ ఖాళీ అయింది. ఎన్నో కుటుంబాలు అప్పటి ఖమ్మం జిల్లాకు తరలిపోయాయి. ఇప్పుడు సిల్గేర్ వైపు పక్కా రోడ్డు పడింది. గుంతల్లో నెమ్మదిగా పోయిన కారు ఇక్కడ వేగం అందుకుంటుంది. బ్రేకుల సంగతి పట్టించుకోవాల్సింది ఇప్పుడే.

ముందు చక్రాల ప్యాడ్‌లే ఎక్కువ భారం మోస్తాయి. రాపిడి పొర 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే. ఇనుము గీసుకునే చప్పుడు వచ్చేదాకా ఆగితే డిస్క్ కూడా పోతుంది. మిగిల్చిన డబ్బంతా దానికే.

దుకాణంలో అందరూ అడిగేది ధరే. చాలా ప్యాడ్‌ల అంచున రెండు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టును, రెండోది బాగా వేడెక్కాక మిగిలే పట్టును చెబుతాయి. 'ఈ' కంటే 'ఎఫ్', దానికంటే 'జి' గట్టివి. 'ఎఫ్ఈ' అని ఉంటే వేడిలో పట్టు సడలుతుందన్నమాట. అలాగని 'జి' కోసం వెతకనక్కర్లేదు, కంపెనీ అమర్చినదానికి సమానమైతే చాలు. అక్షరాలే లేని చవక సరుకును మాత్రం అక్కడే వదిలేయాలి.

సెమీ మెటాలిక్ వేడికి తట్టుకుంటుంది గానీ డిస్క్‌ను అరగదీస్తుంది. సెరామిక్‌కు చప్పుడు, దుమ్ము తక్కువ, ఖరీదు ఎక్కువ. ఆస్బెస్టాస్ లేదని పెట్టె మీద రాసి ఉందో లేదో కూడా చూడాలి. పాత ప్యాడ్ దుమ్మును నోటితో ఊదే మెకానిక్ ఊపిరితిత్తులకు అది చేటు.

రెండు ముందు చక్రాలకూ జతగానే మార్చాలి. కొత్తవి కుదురుకునేదాకా, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, అవసరమైతే తప్ప బ్రేక్ గట్టిగా తొక్కకూడదు.